జొన్నరొట్టె మింగగలడా? గొంతు క్యాన్సర్ రేడియేషన్ పద్ధతుల్లో తేడా ఎక్కడుంది

మా బావది ఆదోని. మార్కెట్ యార్డులో పత్తి దలారీ. నలభై ఏళ్లు పత్తి దుమ్ములో, బీడీ పొగలో అరిచిన గొంతు అది. బొంగురుపోతే మూడు నెలలు మిరియాల కషాయం తాగుతూ నెట్టుకొచ్చాడు. మింగినప్పుడల్లా చెవిలో పోటు మొదలయ్యాక గానీ కర్నూలుకు రాలేదు. స్వరపేటిక పైభాగంలో క్యాన్సర్, కుడివైపు మెడలో ఒక గడ్డ అని తేలింది. ఆపరేషన్ అయితే గొంతుపెట్టె మొత్తం తీసేయాలి, రేడియేషన్‌తో పాటు కీమో ఇస్తే గొంతు నిలుపుకునే వీలుంది అన్నారు డాక్టర్లు. బావ రెండోదానికే తలూపాడు.

ఆ సాయంత్రం నుంచి చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ మిషన్ మీద పెడతారంట?" ఆసుపత్రి బయట టీ బంకు దగ్గరైతే అదొక పెద్ద పంచాయితీ. ఒకరు కోబాల్టు వద్దే వద్దంటారు. ఇంకొకరు ఐఎంఆర్‌టీ అయితేనే సంతకం పెట్టమంటారు. మూడో ఆయన "మద్రాసులో ప్రోటాన్ అని వచ్చింది సార్, చేను అమ్మైనా ఆడికే పోవాల" అంటాడు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన బామ్మర్దిని కాబట్టి తేల్చే పని నా నెత్తిన పడింది. ఆ ఏడు వారాలూ డాక్టర్లను, రేడియేషన్ మోతాదు లెక్కగట్టే ఫిజిసిస్టులను విసిగించి, అచ్చయిన ట్రయల్స్ చదివి నేను అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

మన వైపు దీన్ని "కరెంటు పెట్టడం" అంటాం. పేషెంటు ఒంట్లోకి కరెంటేమీ పోదు. పోయేవి ఎక్స్‌రేలే, కాకపోతే ఛాతీ ఫోటో తీసేవాటికన్నా ఎన్నో రెట్లు శక్తి ఉన్నవి. తగిలేటప్పుడు నొప్పి ఉండదు, వేడి ఉండదు. అవి కణం లోపలి డీఎన్‌ఏను తెంపుతాయి. మామూలు కణం మర్నాటికల్లా చాలావరకు అతుకేసుకుంటుంది, క్యాన్సర్ కణానికి ఆ పని అంత బాగా చేతకాదు. ఈ తేడాను వాడుకోవడానికే మోతాదును ఒక్కసారిగా ఇవ్వకుండా సిట్టింగులుగా విడగొడతారు. గొంతు క్యాన్సర్‌కు ఎక్కువగా నడిచే లెక్క 70 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత గ్రే). రోజుకు 2 గ్రే, వారానికి 5 రోజులు, మొత్తం 35 సిట్టింగులు, 7 వారాలు.

చుట్టాలకు నేను ముందుగా చెప్పింది ఈ లెక్క గురించే. పాత కోబాల్టు మిషన్ మీదైనా, కోట్లు పోసి కొన్న మిషన్ మీదైనా గడ్డకు చేర్చాలనుకునే మోతాదు దాదాపు ఇంతే. మరి మిషన్ మారితే మారేదేమిటి? గడ్డ చుట్టుపక్కల వాటికి తగిలే మోతాదు.

గొంతులో ఆ ఇరుగుపొరుగు చాలా ఇరుకు. వెనక వెన్నుపాము ఉంది, దానికి 45 గ్రే దాటనివ్వకూడదని చూస్తారు. మోతాదు మరీ మించితే కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం. ముందు దవడ ఎముక. మధ్యలో మింగే కండరాలు. రెండు చెవుల కింద, దవడ మూలల వెనక పెరోటిడ్ గ్రంథులు. గవదబిళ్లలు వచ్చినప్పుడు పిల్లలకు ఉబ్బేవి ఇవే. అన్నం నమిలేటప్పుడు నోట్లో ఊరే లాలాజలంలో పెద్ద వాటా వీటిదే. ఈ వ్యాసంలో అసలు కథానాయకులు ఈ రెండు గ్రంథులే అనుకోండి.

కోబాల్టు నుంచి మొదలుపెడదాం. కోబాల్టు అనే రేడియోధార్మిక మూలకం నుంచి వచ్చే గామా కిరణాలతో (ఇవీ ఎక్స్‌రేల లాంటివే) నడిచే మిషన్ ఇది. 1951లో కెనడాలో మొదటిసారి వాడారు. మన దేశంలో లక్షలాది మందికి దశాబ్దాల పాటు ఉన్న దిక్కు అదే. కోబాల్టు–60 అర్ధాయుష్షు సుమారు ఐదేళ్ల మూడు నెలలు అని క్లాసులో బోర్డు మీద రాసేవాణ్ని. దాని అర్థం ఆసుపత్రిలో చూశాను. మూలకం పాతబడేకొద్దీ కిరణం పలచబడుతుంది, అదే మోతాదుకు పేషెంటు బల్ల మీద ఎక్కువసేపు పడుకోవాలి. ఐదేళ్లు దాటితే రెట్టింపు సేపు. నిజానికి మెడ సన్నం కాబట్టి లోపలికి చేరడంలో కోబాల్టు తీసిపోదు. దాని మీద నయమై ఇరవై ఏళ్లు బతికిన వాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. "కోబాల్టు వేస్టు" అనే మాట నాకు నచ్చదు.

చిక్కు ఎక్కడంటే, కోబాల్టు వాడిన చాలాచోట్ల పాత పద్ధతి నడిచేది. ఎక్స్‌రే ఫోటో చూసి కుడి నుంచి ఒక చతురస్రం, ఎడమ నుంచి ఒక చతురస్రం గీసి కొట్టడం. ఆ చతురస్రాల్లో రెండు పెరోటిడ్‌లూ పడేవి. వెన్నుపాము కూడా పడేది కాబట్టి 44 గ్రే దగ్గర ఆపి, వెనక భాగాన్ని మూసేసి మిగతాది ఇచ్చేవాళ్లు. పైగా కోబాల్టు మూలం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉండటంతో కిరణం అంచు కత్తితో కోసినట్టు ఉండదు, నీడలా పరుచుకుంటుంది.

తర్వాతి మెట్టు లీనాక్, అంటే లీనియర్ యాక్సిలరేటర్. ఇందులో మూలకం ఉండదు, కరెంటుతో ఎలక్ట్రాన్లను ఉరికించి లోహానికి గుద్దించి ఎక్స్‌రేలు పుట్టిస్తారు. ఆ లెక్కన "కరెంటు పెట్టడం" అన్న మాట పూర్తిగా తప్పు కూడా కాదేమో! సీటీ స్కాన్ చూసి గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాన్ని మలిచి కొడితే దాన్ని త్రీడీ అంటారు. చతురస్రం కన్నా నయమే. కానీ గొంతులో గడ్డలు, గడ్డలు పాకే మెడ బిళ్లలు (లింఫ్ గ్రంథులు) గుర్రపు నాడాలా వెన్నుపాము చుట్టూ వంగి ఉంటాయి. బయటి అంచును ఎంత చక్కగా మలిచినా లోపలి వంపును తప్పించడం త్రీడీకి కష్టం.

అక్కడే ఐఎంఆర్‌టీ, అంటే ఇంటెన్సిటీ మాడ్యులేటెడ్ రేడియోథెరపీ వచ్చింది. దీన్ని బావకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను కేసీ కెనాల్‌ను వాడుకున్నాను. వరిమడికి నిండా నీళ్లు కావాలి. పక్కనే బుడ్డల (వేరుశెనగ) చేను, అందులో నీళ్లు నిలిస్తే కాయ కుళ్లుతుంది. ఒకటే పెద్ద తూము ఎత్తితే రెండూ తడుస్తాయి. అదే తొమ్మిది చిన్న తూములుండి, ఒక్కోదాన్ని ఒక్కో కొలతకు, ఒక్కో సమయానికి ఎత్తగలిగితే? వరిలో నీళ్లు నిలుస్తాయి, బుడ్డల చేను చెమ్మతో బయటపడుతుంది. ఐఎంఆర్‌టీలో మిషన్ ఏడు నుంచి తొమ్మిది కోణాల్లో ఆగి కొడుతుంది. మిషన్ తలలో 120 లేదా 160 సన్నటి టంగ్‌స్టన్ పలకలు ఉంటాయి, అవే ఆ తూములు. కిరణం నడుస్తుండగానే అవి అటూ ఇటూ జరుగుతూ ఒకే కిరణంలో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడేలా చేస్తాయి. ఏ పలక ఎప్పుడు ఎంత జరగాలన్నది మనిషి లెక్కవేయలేడు. "గడ్డకు ఇంత, వెన్నుపాముకు ఇంతకు మించకూడదు, పెరోటిడ్‌కు సగటున 26 గ్రే లోపు" అని ఫిజిసిస్టు అడుగుతాడు, కంప్యూటర్ వెనక నుంచి లెక్క కట్టుకుంటూ వస్తుంది.

దీనివల్ల ఒరిగిందేమిటో కొలిచి చూశారు. పార్‌స్పోర్ట్ అనే బ్రిటిష్ ట్రయల్ 2011లో అచ్చయింది. 94 మందిలో సగం మందికి పాత పద్ధతి, సగం మందికి ఐఎంఆర్‌టీ. ఏడాది తర్వాత ఇబ్బంది పెట్టే స్థాయిలో నోరు ఎండిపోయినవాళ్లు పాత పద్ధతిలో 74 శాతం, ఐఎంఆర్‌టీలో 38 శాతం. రెండేళ్లకు ఆ తేడా ఇంకా పెరిగింది: 83, 29. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 60 మంది మన పేషెంట్ల మీద త్రీడీతో పోల్చి 2012లో అచ్చువేసిన ట్రయల్‌లో, చికిత్స సమయంలోనే లాలాజలం బాగా దెబ్బతిన్నవాళ్లు 89 శాతం నుంచి 59 శాతానికి తగ్గారు.

నోరు ఎండటం చిన్న విషయం అనుకునేవాళ్లు ఒక్కసారి నీళ్లు లేకుండా జొన్నరొట్టె తిని చూడండి. మా సీమలో పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం రొట్టె. బొరుగులైనా, రొట్టె అయినా లాలాజలం లేనివాడికి నోట్లో ఇసుకే. సంగటి అయితే గుటుక్కున జారుతుంది కాబట్టి పాత పేషెంట్లు చాలామంది ఏళ్ల తరబడి సంగటి, మజ్జిగ మీదే బతికారు. లాలాజలం లేకపోతే పళ్లు పుచ్చుతాయి, రుచి పోతుంది, రాత్రి నాలుక అంగిటికి అతుక్కుని మెలకువ వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు దాచకూడదు. పార్‌స్పోర్ట్‌లో గడ్డ అదుపులో ఉండటంలోనూ, బతికిన కాలంలోనూ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రెండోది, చికిత్స జరిగేటప్పుడు ఐఎంఆర్‌టీ వాళ్లకు నీరసం ఎక్కువగా వచ్చింది: 74 శాతం, అవతల 41. తూములు తొమ్మిది అయితే చెమ్మ తొమ్మిది వైపుల నుంచి పాకుతుంది కదా. పాత పద్ధతిలో అసలు కిరణమే తగలని తల వెనక భాగానికి ఇందులో కొద్దికొద్దిగా తగులుతుంది.

వీమ్యాట్, ర్యాపిడ్ ఆర్క్, టోమో అనే పేర్లు విని కంగారు పడేవాళ్లు ఎక్కువ. ఇవన్నీ ఐఎంఆర్‌టీ సంతానమే. వీమ్యాట్‌లో మిషన్ కోణానికి ఒకసారి ఆగకుండా చుట్టూ తిరుగుతూనే కొడుతుంది. పావుగంట పట్టేది మూడు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ర్యాపిడ్ ఆర్క్ అంటే అదే పనికి ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. టోమో సీటీ స్కాన్‌లాగా బల్ల ముందుకు జరుగుతుంటే మర చుట్టులా కొడుతుంది. పెరోటిడ్‌ను కాపాడటంలో వీటి మధ్య ఉన్న తేడా సన్నటిది. అయితే మాస్కు కింద ఊపిరి బిగబట్టి, గుటక మింగలేక పడుకున్నవాడికి పన్నెండు నిమిషాలు మిగలడం సన్న విషయమేమీ కాదు.

మాస్కు అంటే వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద అచ్చుపోసే ప్లాస్టిక్ జల్లెడ. రోజూ అదే మాస్కులో, అదే భంగిమలో బిగిస్తారు. ఐజీఆర్‌టీ అనేది ఈ దగ్గర వస్తుంది. అది వేరే చికిత్స కాదు, కొట్టేముందు బల్ల మీదే చిన్న స్కాన్ తీసి, నిన్నటి చోటే ఉన్నాడా లేదా అని సరిచూసుకోవడం. తూము ఎంత సన్నగా ఉంటే గురి అంత సూటిగా ఉండాలి కాబట్టి ఐఎంఆర్‌టీకి ఇది కావాలి. బావ 62 కిలోలతో మొదలుపెట్టి నాలుగో వారానికి 56కు వచ్చాడు. మెడ సన్నబడి మాస్కు లోపల తల కదులుతోందని టెక్నీషియన్ కనిపెట్టాడు. కొత్త సీటీ, కొత్త మాస్కు, కొత్త ప్లాన్. మిషన్ పేరు అడిగిన చుట్టాల్లో ఒక్కరు కూడా ఆ టెక్నీషియన్ గురించి అడగలేదు.

ఇక ప్రోటాన్. ఎక్స్‌రే ఒంట్లోంచి దూసుకుపోయి అవతల వైపు బయటికి వస్తుంది. ప్రోటాన్ అలా కాదు, ఒక లోతుకు వెళ్లి అక్కడ తన శక్తినంతా దించి ఆగిపోతుంది. బ్రాగ్ శిఖరం అని ఫిజిక్స్‌లో చెబుతాం. వైద్యానికి వాడొచ్చని రాబర్ట్ విల్సన్ 1946లోనే రాశాడు. చెన్నైలో 2019 నుంచి ఒక ప్రైవేటు కేంద్రం నడుస్తోంది, తర్వాత నవీ ముంబైలో టాటా వాళ్లకూ వచ్చింది. కాగితం మీద చూస్తే నా ఫిజిక్స్ మనసు దానికే ఓటేస్తుంది. కానీ ఎక్కడ ఆగాలో ముందే లెక్క కట్టిన కిరణానికి మనిషి చిక్కిపోతే లెక్క తప్పుతుంది. గొంతు పేషెంటు చిక్కిపోతూనే ఉంటాడు. టాన్సిల్‌లో, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్ల మీద అమెరికాలో జరిగిన ట్రయల్‌లో ప్రోటాన్ వాళ్లకు ఆహారపు పైపు అవసరం తగ్గింది, గడ్డ అదుపు ఐఎంఆర్‌టీతో సమానంగా ఉంది. అక్కడి ఆ పేషెంట్లలో ఎక్కువమందికి క్యాన్సర్ హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చింది. మన దగ్గర బీడీ, గుట్కా, సారా. కాబట్టి ఆ ఫలితం మనకూ అలాగే వస్తుందని చెప్పలేం. పుర్రె అడుగున ఉన్న గడ్డలకు, పిల్లలకు, ఒకసారి రేడియేషన్ అయినచోట మళ్లీ ఇవ్వాల్సి వచ్చినవాళ్లకు ప్రోటాన్ గురించి గట్టిగా అడగాలి. స్వరపేటిక క్యాన్సర్‌కు చేను అమ్మమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కుదిపిన కాగితం మిషన్ల గురించినది కాదు. తల, మెడ క్యాన్సర్ల మీద పలు దేశాల్లో 861 మందితో జరిగిన ఒక కీమో ట్రయల్‌లో, రేడియేషన్ ప్లాన్‌లు సరిగా ఉన్నాయా అని తర్వాత తిరగేసి చూశారు. 2010లో ఆ ఫలితం అచ్చయింది. ప్లాన్ బాగా గాడి తప్పినవాళ్లలో రెండేళ్లు బతికినవాళ్లు 50 శాతం. సరిగా ఉన్నవాళ్లలో 70. ట్రయల్‌కు ఐదుగురు పేషెంట్లను కూడా పంపని ఆసుపత్రుల్లో ప్లాన్ తప్పినవి దాదాపు 30 శాతం, ఇరవై మంది, అంతకు మించి పంపిన చోట్ల 5 శాతం. ఐఎంఆర్‌టీలో ఇది ఇంకా పదునైన కత్తి. డాక్టరు సీటీలో ఒక్కో ముక్క మీద గడ్డ అంచు, మెడ బిళ్లలు, కాపాడాల్సిన గ్రంథులు అన్నీ గీయాలి. ఒక్క పేషెంటుకు గంటలు పడుతుంది. పాత చతురస్రం మోటుదే గానీ దాన్లో గడ్డ అంచు ఎక్కడో మిగిలిపోయే అవకాశం తక్కువ. ఐఎంఆర్‌టీ గీసిన గీతకే కట్టుబడుతుంది. గీత బయట గడ్డ మిగిలితే అది అక్కడే బతికుంటుంది.

మిషన్ పేరు కన్నా ముఖ్యమైన రెండో విషయం, రోజులు. రేడియేషన్ మొదలైన నాలుగు వారాలకు, మిగిలిన క్యాన్సర్ కణాలు చావు తెలిసినట్టు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అందుకే మొత్తం కాలం ఒక్కో రోజు సాగేకొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతం, ఒకటిన్నర శాతం చొప్పున తరుగుతుందని లెక్క. డెన్మార్క్ వాళ్లు దీన్ని తిరగేసి చూశారు. అదే మోతాదు, అవే సిట్టింగులు, వారానికి ఐదు బదులు ఆరు ఇచ్చారు. సుమారు 1,480 మంది, ఫలితం 2003లో వచ్చింది. ఐదేళ్లకు గడ్డ అదుపులో ఉన్నవాళ్లు 60 శాతం నుంచి 70కి పెరిగారు. కొత్త మిషన్ ఏమీ కొనలేదు, శనివారం డ్యూటీ వేశారు, అంతే.

మాకు ఐదో వారంలో మిషన్ చెడిపోయింది. నాలుగు రోజులు. ఎప్పుడు బాగవుతుందో కౌంటర్‌లో చెప్పేవాళ్లు లేరు, ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. ఆ నాలుగు రోజులు నేను పడిన ఆరాటం బావకు తెలియదు, ఆయన హాయిగా ఆదోని పోయొచ్చాడు. మిషన్ లేచాక నేనే డాక్టరును అడిగాను, పోయిన రోజులు ఎలా పూడుస్తారని. శనివారాలు రెండు కలిపారు, మరో రెండు రోజులు పొద్దున ఒకటి, కనీసం ఆరు గంటల ఎడం ఉంచి సాయంత్రం ఒకటి ఇచ్చారు. అడగకపోయి ఉంటే? ఏమో. మీరు మాత్రం అడగండి. మనవాళ్లు పండక్కని, పత్తి తీతకని, "నోరు పుండైంది, రెండు రోజులు ఆగి వస్తాం" అని తామే మానేసే రోజులు మిషన్ చెడిన రోజులకన్నా ఎక్కువ. నోరు పుండవడం ముందే తెలిసిన విషయం. దానికి మందులున్నాయి, మింగలేకపోతే ముక్కు పైపు ఉంది. సిట్టింగ్ మానడం దానికి వైద్యం కాదు.

ఈ లెక్కలోనే దూరం కూడా వస్తుంది. 44వ నంబరు హైవే మీద పైకి పోతే హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, కిందికి పోతే బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి. కర్నూలు, అనంతపురం జనం దశాబ్దాలుగా ఈ రెంటి మధ్య తిరిగారు. కడప వాళ్లకు తిరుపతి, వెల్లూరు. ఇప్పుడు కర్నూలు వైద్య కళాశాల ఆవరణలోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏడు వారాలు పరాయి ఊళ్లో గది అద్దె, తోడు మనిషి కూలి పోవడం, తిండి కుదరకపోవడం, మధ్యలో విసిగి ఇంటికి వచ్చేయడం, వీటన్నిటినీ తూకంలో వేస్తే దగ్గర్లో పద్ధతిగా ఇచ్చే ఐఎంఆర్‌టీ బరువు పెరుగుతుంది. ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవలో, కోబాల్టుకు, త్రీడీకి, ఐఎంఆర్‌టీకి వేర్వేరు ప్యాకేజీలుంటాయి. మీ కాగితం మీద ఏది రాశారో ఆరోగ్యమిత్రను అడిగి చూసుకోండి.

ఐఎంఆర్‌టీ అందరికీ కావాలా అంటే, అదీ లేదు. స్వరతంతువు మీదే మొదటి దశలో పట్టుబడిన చిన్న క్యాన్సర్‌కు మెడ బిళ్లలకు కిరణం ఇవ్వనక్కర్లేదు, ఎందుకంటే అక్కడి నుంచి బిళ్లలకు పాకే దారులే తక్కువ. ఐదు సెంటీమీటర్ల చదరం సరిపోతుంది. పెరోటిడ్‌లు దాని దరిదాపుల్లో ఉండవు, ఇక కాపాడేదేముంది? అలాంటివాళ్లకు పాత తరహా రెండువైపుల కిరణమే చక్కగా పనిచేస్తుంది. రోజుకు 2.25 గ్రే చొప్పున 63 గ్రే, 28 సిట్టింగుల్లో ముగించేయొచ్చు. "మాకు ఐఎంఆర్‌టీ ఎందుకు రాయలేదు, పేదోళ్లమనా?" అని ఒకావిడ టీ బంకు దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. వాళ్లాయనది సరిగ్గా ఇలాంటి కేసే. బొమ్మ గీసి చూపిస్తే ఊరుకుంది. ఆ బొమ్మ గీసే ఐదు నిమిషాలు ఓపీలో దొరకవు.

మొదలుపెట్టకముందే పళ్ల డాక్టరు దగ్గరికి పోండి. పుచ్చినవి ముందే తీయించి, పుండు మానడానికి పది, పదిహేను రోజులు ఇవ్వాలి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. బీడీ మానాల్సింది నయమయ్యాక కాదు, మొదటి సిట్టింగ్‌కు ముందే. చికిత్స నడుస్తుండగా పొగతాగేవాళ్లలో రేడియేషన్ సరిగా పట్టదు. అయిపోయాక ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష చేయిస్తూ ఉండాలి, మెడకు తగిలిన మోతాదుకు అది మెల్లగా మందగిస్తుంది.

బావ ప్లాన్‌ను ఫిజిసిస్టు ఒకరోజు తెర మీద చూపించాడు. గడ్డ ఎర్రగా, దాని చుట్టూ పసుపు, ఆకుపచ్చ. కుడి పెరోటిడ్ సగం ఆకుపచ్చలో మునిగింది. "అటువైపు గడ్డ ఉంది సార్, దాన్ని పూర్తిగా తప్పిస్తే గడ్డకు తక్కువ పడుతుంది, అక్కడ నేను బేరమాడను" అన్నాడు. ఎడమది మాత్రం నీలంలో తేలుతోంది. సగటు 22 గ్రే.

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. మొన్న అక్క ఇంటికి పోతే బావ రొట్టె తింటున్నాడు. పప్పులో నానబెట్టి, చిన్న చిన్న తుంపలు చేసుకుని. పక్కన నీళ్ల చెంబు ఉంది. నేను వెళ్లినప్పుడు నిండుగా ఉన్నది, లేచేటప్పటికి సగం మిగిలింది. ఉగ్గాని ఇంకా దిగడం లేదంట.